ఎగ్జిమా - నిత్య చర్మ సంరక్షణ

ఎగ్జిమా అనేది చర్మం పొడిబారి, మంట మరియు తీవ్రమైన దురదతో కూడి, తగ్గుతూ మళ్ళీ తిరగబెడుతూ ఉండే దీర్ఘకాలిక చర్మవ్యాధి. వైద్యశాస్త్రంలో ఈ పేరు అనేక రకాల చర్మశోథలకు వర్తిస్తుంది. అయితే విశేషణమేదీ లేకుండా ఎగ్జిమా అన్నప్పుడు సాధారణంగా పసితనంలో మొదలయ్యే అటోపిక్ డెర్మటైటిస్ అనే అర్థం. ఇది అంటువ్యాధి కాదు. దీనిని శాశ్వతంగా నయం చేసే మందు లేదు. చాలామంది పిల్లలలో వయసుతో పాటు తగ్గుముఖం పడుతుంది, కొందరిలో పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటుంది. వ్యాధి అదుపులో ఉండటానికి పునాది రోజూ చేసే స్నానం, ఆ తరువాత పూసే లేపనం. మందులు ఆ పునాది మీద పని చేస్తాయి. ఈ వ్యాసంలో ప్రధానంగా ఆ నిత్య సంరక్షణను గురించి వివరించబడింది.

పేరు, దానితో వచ్చిన చిక్కు

ఎగ్జిమా అనే మాటకు గ్రీకు భాషలో 'ఉడికి పైకి పొంగడం' అని అర్థం. వంశపారంపర్యంగా వచ్చే అలర్జీ తత్వానికి 'అటోపీ' అనే పేరును 1923లో కోకా, కుక్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పెట్టారు. 'అటోపిక్ డెర్మటైటిస్' అనే పేరు 1933లో వైజ్, సుల్జ్‌బర్గర్ అనే వైద్యుల ద్వారా వాడుకలోకి వచ్చింది.

తెలుగులో ఈ వ్యాధికి ప్రత్యేకమైన పేరు స్థిరపడలేదు. దీనిని చాలామంది 'తామర' అంటారు. కానీ శిలీంధ్రం వలన వచ్చి గుండ్రని మచ్చలుగా వ్యాపించే అంటువ్యాధిని కూడా తామర అనే అంటారు. చర్మంలో తొలుచుకొని నివసించే సూక్ష్మజీవి వలన వచ్చేది గజ్జి. అయితే దురద పెట్టే ప్రతి చర్మవ్యాధినీ గజ్జి అనడం వాడుక. ఆయుర్వేదంలో వీటికి వేరువేరు పేర్లు ఉన్నాయి. విచర్చికను ఎగ్జిమాతోను, దద్రువును తామరతోను, పామను గజ్జితోను పోల్చడం పరిపాటి. చరక సంహిత ఈ మూడింటినీ పదకొండు క్షుద్రకుష్ఠాలలో చేర్చింది. గ్రంథాలలో ఉన్న ఈ విభజన వాడుక భాషలోకి దిగలేదు.

ఇది కేవలం పదాలకు సంబంధించిన సమస్య కాదు. ఈ మూడు వ్యాధులకూ చికిత్సలు పూర్తిగా వేరు. తామరకు అమ్మే, చర్మాన్ని పొట్టుగా రాల్చే ఘాటైన మందును ఎగ్జిమా మీద పూస్తే అసలే పలచబడిన చర్మం కాలినట్లవుతుంది. ఎగ్జిమాకు ఇచ్చే స్టీరాయిడ్ మలామును తామర మీద పూస్తే దురద తగ్గినట్లే కనిపించి, శిలీంధ్రం మాత్రం విస్తరిస్తుంది. అంటువ్యాధి అనే భయంతో ఎగ్జిమా ఉన్న పిల్లవాడిని బడిలో విడిగా కూర్చోబెట్టడం, అతని కంచాన్ని వేరుగా ఉంచడం వంటివి కూడా ఈ పేర్ల గందరగోళం నుండి పుట్టినవే.

స్థూలంగా ఈ క్రింది తేడాలను గమనించవచ్చు. తామర మచ్చకు అంచు ఎర్రగా పొలుసులతో ఉబ్బి, మధ్యభాగం కొంత మామూలుగా ఉంటుంది. తరచుగా గజ్జలలోను, నడుము చుట్టూ కనిపిస్తుంది. గజ్జి దురద రాత్రిపూట ఎక్కువ. వేళ్ళ సందులలో, మణికట్టు వద్ద పొక్కులు వస్తాయి. ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి సోకుతుంది. ఎగ్జిమాకు స్పష్టమైన అంచు ఉండదు. శరీరానికి రెండు వైపులా, ముఖ్యంగా మోచేతి మడతలలోను, మోకాలి వెనుక మడతలలోను వస్తుంది. ఆ కుటుంబంలో ఉబ్బసం లేదా తుమ్ములతో కూడిన జలుబు ఉన్నవారు ఉండటం సాధారణం. ఈ వ్యాసంలో ఇకపై తామర అంటే శిలీంధ్ర వ్యాధి మాత్రమే.

చర్మంలో జరిగే మార్పు

చర్మపు పై పొరను ఇటుకల గోడతో పోల్చుతారు. గట్టిపడిన కణాలు ఇటుకలు కాగా, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం వంటివి. ఎగ్జిమా ఉన్నవారిలో ఈ గోడకు పగుళ్ళు ఉంటాయి. లోపలి తేమ బయటకు పోతుంది. బయటి ధూళి, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి చేరి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడతాయి. ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తును తయారుచేసే జన్యువులోని లోపాలకూ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నదని 2006లో ఐరోపా పరిశోధకులు కనుగొన్న తరువాత, ఇది కేవలం 'ఒంట్లోని వేడి' లేదా 'చెడు రక్తం' వలన పైకి వచ్చేది కాదని, చర్మపు గోడలోనే లోపం ఉంటుందని మరింత స్పష్టమయింది. ఫిలాగ్రిన్ లోపం ఉన్న ప్రతి ఒక్కరికీ ఎగ్జిమా రాదు. ఎగ్జిమా ఉన్న ప్రతి ఒక్కరిలో ఈ లోపం ఉండదు.

దురద పుడితే గోకుతారు, గోకితే గోడ మరింత దెబ్బతింటుంది, అప్పుడు దురద ఇంకా పెరుగుతుంది. నిత్య సంరక్షణ అంతా ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచడానికే.

లక్షణాలు

శిశువులలో బుగ్గల మీద, నుదుటి మీద, చేతులు కాళ్ళ వెలుపలి వైపు మొదలవుతుంది. లంగోటా కట్టే భాగంలో సాధారణంగా రాదు. పెద్ద పిల్లలలో కీళ్ళ మడతలలో, పెద్దలలో చేతులు, మెడ, కనురెప్పల మీద ఎక్కువగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలలోని బొమ్మలు చాలావరకు తెల్లని చర్మానివి కావడం వలన 'ఎర్రని మచ్చలు' అనే వర్ణన ప్రచారంలోకి వచ్చింది. చామనఛాయ లేదా నల్లని చర్మంపై ఆ ఎరుపు గోధుమ, ఊదా లేక బూడిద రంగులో ఉంటుంది; ఒక్కోసారి రోమకూపాల వద్ద చిన్న చిన్న గరుకు పొక్కులుగా మాత్రమే కనిపిస్తుంది. ఎరుపు కనిపించలేదని వ్యాధి తక్కువగా ఉన్నదని అనుకోరాదు. మంట తగ్గిన తరువాత మిగిలే నల్లని లేదా తెల్లని మచ్చలు కొన్ని నెలలలో సాధారణంగా చర్మపు రంగులో కలిసిపోతాయి. వాటిని పోగొట్టడానికి తెల్లబరిచే క్రీములు వాడటం అనవసరం, తరచుగా హానికరం కూడా.

స్నానం

ఎగ్జిమా ఉన్నవారు స్నానం మానవలసిన పని లేదు. నీటి వేడి, సబ్బు, రుద్దడం - చర్మానికి హాని చేసేవి ఇవే. గోరువెచ్చని నీటితో ఐదు నుండి పది నిమిషాలలో స్నానం ముగించాలి. కాగిన నీళ్ళు దురదకు క్షణకాలం హాయినిస్తాయి కాబట్టి చాలామందికి అదే అలవాటుగా మారుతుంది. అరగంట గడిచేసరికి చర్మం మరింత బిగుసుకుపోతుంది.

ఆరోగ్యవంతమైన చర్మం కొద్దిగా ఆమ్లగుణం కలిగి, దాని పీహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటుంది. మామూలు సబ్బు బిళ్ళ పీహెచ్ 9 నుండి 10 వరకు ఉండే క్షారం. కనుక సబ్బును చంకలు, గజ్జలు, పాదాలకు పరిమితం చేసి, మిగిలిన ఒంటికి సువాసన లేని, సబ్బు కాని క్లెన్సర్ వాడటం లేదా ఉత్త నీటితో సరిపెట్టడం మేలు. 'పిల్లల సబ్బు' అని రాసి ఉన్నంత మాత్రాన అది మృదువైనదని అర్థం కాదు. తలకు కుంకుడు రసం వాడేవారు అది ముఖం మీదికి, మెడ మీదికి కారి నిలవకుండా కడిగివేయాలి. బీరపీచు, గరుకు రాయి వంటివాటితో ఒళ్ళు తోమరాదు.

తెలుగు ఇళ్ళలో పసిపిల్లలకు నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేయడం ఆచారం. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దీనిని తట్టుకొనవచ్చు. ఎగ్జిమా ఉన్న బిడ్డకు మాత్రం నలుగు, వేడినీరు, పొగ మూడూ పడవు. సున్నిపిండిలో గరుకుదనం ఒక్కటే సమస్య కాదు. పగిలిన చర్మం మీద ఆహారపదార్థాలను రుద్దితే శరీరం వాటికి అలర్జీని పెంచుకొనే అవకాశం ఉంది. జపాన్‌లో గోధుమ మాంసకృత్తును కలిపిన ఒక ముఖపు సబ్బు వాడినవారిలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ ఏర్పడి, 2011లో ఆ సబ్బును మార్కెట్టు నుండి వెనక్కి తీసుకొనవలసి వచ్చింది. ఆచారాన్ని పూర్తిగా వదలలేని పెద్దలున్న ఇంట్లో నూనె మర్దనాన్ని మెత్తగా ఉంచుకొని, మిగిలిన మూడింటినీ వదలడం ఒక మధ్యేమార్గం.

స్నానపు నీటిలో కలిపే ప్రత్యేక నూనెల విషయంలో, బ్రిటన్‌లో 482 మంది పిల్లలపై జరిగి 2018లో వెలువడిన పరిశోధన, నిత్య లేపనానికి తోడుగా వాటిని కలపడం వలన చెప్పుకోదగిన అదనపు ప్రయోజనం లేదని తేల్చింది. గొట్టపుబావి నీటి కాఠిన్యం చర్మానికి మంచిది కాదని చాలామంది నమ్ముతారు. కఠినజలం ఉన్న ప్రాంతాలలో ఎగ్జిమా కొంత ఎక్కువన్న పరిశీలనలు ఉన్నప్పటికీ, ఇంట్లో నీటిని మృదువుగా మార్చే యంత్రం అమర్చి 336 మంది పిల్లలలో చేసిన ప్రయోగంలో (2011) వ్యాధి ఏమీ తగ్గలేదు. అటువంటి యంత్రానికి పెట్టే డబ్బు లేపనానికి పెట్టడం నయం.

లేపనం

స్నానం తరువాత ఒంటిని మెత్తని తువాలుతో అద్ది, చర్మం ఇంకా కొంచెం తడిగా ఉండగానే, అంటే రెండు మూడు నిమిషాలలోనే, లేపనం పూయాలి. రోజుకు కనీసం రెండుసార్లు, మచ్చలు ఉన్నచోటనే కాక ఒళ్ళంతా పూయాలి. వెంట్రుకలు పెరిగే దిశలో నిమిరినట్లు పూయాలి గాని రుద్దరాదు. వ్యాధి తగ్గినట్లు కనిపించినా మానరాదు.

పరిమాణం విషయంలోనే ఎక్కువమంది పొరపడతారు. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాల ప్రకారం (2007) ఎగ్జిమా ఉన్న పిల్లలకు వారానికి 250 నుండి 500 గ్రాముల లేపనం అవసరం. మన ఇళ్ళలో యాభై గ్రాముల ట్యూబు నెలంతా వస్తుంది. 'మాయిశ్చరైజర్ వాడాము, గుణం కనిపించలేదు' అనే మాటకు చాలాసార్లు ఇదే కారణం.

ఖరీదైనదే మంచిదన్న నియమం లేదు. లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ - ఈ నాలుగింటిని 550 మంది పిల్లలలో పోల్చిన బ్రిటిష్ పరిశోధన (2022) వాటి మధ్య గుణంలో తేడా కనుగొనలేదు. రోగి విసుగు లేకుండా రోజూ పూసుకోగలిగినదే వారికి తగినది. సువాసన లేని పెట్రోలియం జెల్లీ చవకైనది, చర్మానికి అరుదుగా మాత్రమే పడనిది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో జిడ్డు లేపనం చెమటను బంధించి సెగగడ్డలకు దారితీయవచ్చు. అక్కడ పగలు లోషన్, రాత్రి జెల్లీ వాడుకొనవచ్చు. తెలంగాణ, రాయలసీమల పొడి చలికాలంలో, చలిదేశాలలో హీటర్ల మధ్య నివసించే తెలుగువారికి, చిక్కని లేపనాలే మేలు.

నూనెలన్నీ ఒకటి కావు. తేటకొబ్బరి నూనెను ఫిలిప్పీన్స్‌లో 117 మంది పిల్లలపై పరీక్షించినప్పుడు (2014) ఖనిజ నూనె కంటే మెరుగైన ఫలితం కనిపించింది. ఆలివ్ నూనె చర్మపు గోడను బలహీనపరుస్తున్నదని 2013లో ఒక బ్రిటిష్ పరిశోధనలో తేలింది. ఎలుకల చర్మంపై జరిగిన ప్రయోగంలో ఆవనూనె హాని చేయగా, పొద్దుతిరుగుడు నూనె మేలు చేసింది (2002). వేప, పసుపు కలిపిన ముద్దలు సంప్రదాయంలో ఉన్నప్పటికీ పగిలిన చర్మంపై మంట పుట్టించవచ్చు. కనుక కొత్తగా ఏది వాడినా ముందుగా ముంజేతి మీద కొద్ది భాగంలో కొన్ని రోజులు పూసి చూడాలి.

లేపనం వ్యాధిని అదుపులో ఉంచుతుంది గాని, అసలు రాకుండా ఆపుతుందని చెప్పలేము. అలర్జీ కుటుంబాలలో పుట్టిన 1,394 మంది శిశువులపై జరిగిన పరిశోధనలో (2020) మొదటి ఏడాది అంతా రోజూ లేపనం పూసినప్పటికీ ఎగ్జిమా రావడం తగ్గలేదు.

ఒక హెచ్చరిక: లేపనం పీల్చుకొన్న బట్టలు, దుప్పట్లు నిప్పు అంటుకొంటే చాలా వేగంగా మండుతాయి. 2018లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక జారీ చేసింది. వంటపొయ్యి, దీపారాధన, టపాకాయల వద్ద జాగ్రత్త అవసరం.

దురద, దుస్తులు

గోళ్ళను పొట్టిగా కత్తిరించాలి. 'గోకవద్దు' అని గద్దించడం వలన ప్రయోజనం లేదు. గోకే బదులు తడిగుడ్డ వేయడం, అరచేతితో అదమడం నేర్పాలి. పసిపిల్లలకు రాత్రిపూట నూలు చేతితొడుగులు వేయవచ్చు. నిద్రమత్తు కలిగించే అలర్జీ మాత్రలు నిద్రకు తోడ్పడతాయి గాని ఎగ్జిమా దురదను పెద్దగా తగ్గించవు.

వదులైన నూలు దుస్తులు శ్రేష్ఠం. ఉన్ని, సింథటిక్ బట్టలు గుచ్చుకొంటాయి. కొత్త బట్టలను ఉతికి వేసుకొనాలి. డిటర్జెంట్ మిగలకుండా ఎక్కువసార్లు జాడించాలి. ఎగ్జిమా కోసం ప్రత్యేకంగా నేసిన పట్టు దుస్తులను 300 మంది పిల్లలపై పరీక్షించగా (2017) అదనపు గుణం కనిపించలేదు. ఇక జరీ అంచు పట్టుపావడాల సంగతి చెప్పనవసరం లేదు. చెమట పట్టినప్పుడు ఉత్త నీటితో కడుక్కొని మళ్ళీ లేపనం పూయాలి.

చేతుల ఎగ్జిమా, తాకిడి వలన వచ్చేవి

పెద్దలలో కనిపించే ఎగ్జిమాలో కొంత భాగం బయటి వస్తువుల తాకిడి వలన వస్తుంది. రోజంతా అంట్లు తోమేవారికి, బట్టలు ఉతికేవారికి చేతులు పగులుతాయి. రబ్బరు తొడుగు లోపల పలుచని నూలు తొడుగు వేసుకొంటే చెమట పట్టకుండా ఉంటుంది. వెల్లుల్లి ఒలిచి తరిగేవారిలో, పాయను పట్టుకొనే చేతి మొదటి మూడు వేళ్ళ కొసలు మాత్రమే పగలడం ఒక స్పష్టమైన గుర్తు. భవన నిర్మాణ కార్మికులకు సిమెంటులోని క్రోమియం, గిల్టు నగలు ధరించేవారికి నికెల్ పడకపోవచ్చు. బొట్టుబిళ్ళల జిగురులోని పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం నుదుటిపై ఎగ్జిమాను, ఆ తరువాత తెల్లమచ్చను కలిగించగలదు.

రైతులు, వ్యవసాయ కూలీలు ప్రత్యేకంగా తెలుసుకొనవలసినది వయ్యారిభామ. 1950లలో పుణే ప్రాంతంలో మొదట గుర్తించబడి దేశమంతా వ్యాపించిన ఈ కలుపుమొక్క ధూళి గాలిలో ఎగిరి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలపై తీవ్రమైన ఎగ్జిమా తెప్పిస్తుంది. బాల్యంలో లేని ఎగ్జిమా నడివయసులో పొలం పని చేసేవారికి ముఖంపై మొదలైతే దీనిని అనుమానించాలి. ఏ వస్తువు పడటం లేదో తేల్చడానికి వీపుపై పట్టీలు అతికించి చేసే ప్యాచ్ పరీక్ష ఉపయోగపడుతుంది.

స్టీరాయిడ్ మలాములు

చర్మంపై పూసే హైడ్రోకార్టిజోన్ గుణాన్ని 1952లో సుల్జ్‌బర్గర్, విటెన్ ప్రకటించారు. ఎగ్జిమా తిరగబెట్టినప్పుడు మంటను అణచడానికి నేటికీ ఇవే మొదటి మందులు. వీటి విషయంలో రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. కొందరు తల్లిదండ్రులు భయపడి, వైద్యుడు రాసిన మందును పూయకుండా బిడ్డను నెలల తరబడి దురదతో ఉంచుతారు. మరికొందరు మందుల దుకాణంలో అడిగి తెచ్చిన ఘాటైన మలామును తామరకు, మొటిమలకు, తెల్లబడటానికి ఏళ్ళ తరబడి వాడతారు. రెండవదాని వలన చర్మం పలచబడటం, చారలు పడటం, ముఖంపై రోమాలు పెరగడం జరుగుతాయి.

స్టీరాయిడ్ వలన రూపు మారిన తామరకు 1968లోనే బ్రిటిష్ వైద్యులు 'టినియా ఇన్‌కాగ్నిటో', అంటే మారువేషంలోని తామర, అని పేరు పెట్టారు. భారతదేశంలో గత దశాబ్ద కాలంగా మొండి తామర విపరీతంగా పెరగడానికి స్టీరాయిడ్, శిలీంధ్రనాశిని, సూక్ష్మజీవినాశిని కలగలిపిన మలాముల వాడకాన్ని చర్మవైద్యులు ఒక ముఖ్య కారణంగా చూపుతున్నారు. ఇక్కడ వ్యాపించిన మందులకు లొంగని శిలీంధ్రానికి 2020లో 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని నామకరణం జరిగింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూత మందులను షెడ్యూలు-హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిర్దేశించింది. మూలికల క్రీములని చెప్పి అమ్మేవాటిలోనూ స్టీరాయిడ్ దాగి ఉండవచ్చు: లండన్‌లో పరీక్షించిన 11 చైనా మూలికల క్రీములలో ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ బయటపడింది (1999).

సరైన మోతాదుకు వేలికొస కొలత ఉంది. పెద్దవారి చూపుడువేలి చివరి గీత నుండి కొస వరకు ట్యూబు నుండి పిండిన మందు సుమారు అర గ్రాము; అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది. ముఖానికి, మడతలకు తక్కువ శక్తి గల మందే వాడాలి. మంట తగ్గిన తరువాత తరచుగా తిరగబెట్టేచోట్ల వారానికి రెండు రోజులు పూయమని వైద్యులు సూచించవచ్చు. 2000లో అమెరికాలో ఆమోదం పొందిన టాక్రోలిమస్ స్టీరాయిడ్ కాదు. కనురెప్పల వంటి సున్నిత భాగాలకు అనువైనది, మొదటి రోజులలో మాత్రం చురుక్కుమంటుంది. తీవ్రమైన వ్యాధికి డుపిలుమాబ్ అనే సూదిమందు (2017), జాక్ నిరోధకాలు అనే మాత్రలు (2022) అమెరికాలో ఆమోదించబడ్డాయి. వీటితోనూ లేపనం మానే వీలు లేదు.

పథ్యం

ఎగ్జిమా కనిపించగానే వంకాయ, గోంగూర, గుడ్డు, చేపలు, చివరకు పాలు కూడా మాన్పించడం మన ఇళ్ళలో సాధారణం. చిన్నపిల్లలలో కొందరికి నిజంగానే ఆహార అలర్జీ ఉంటుంది; అటువంటివారికి ఆ పదార్థం తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తాయి. అటువంటి చరిత్ర లేకుండా ఒక్కొక్కటిగా ఆహారం తగ్గిస్తూ పోతే బిడ్డ బక్కచిక్కుతాడు, చర్మం మాత్రం అలాగే ఉంటుంది. పైగా, అప్పటివరకు పడుతున్న పదార్థాన్ని చాలాకాలం మాన్పించి మళ్ళీ పెట్టినప్పుడు తీవ్రమైన అలర్జీ వచ్చిన సందర్భాలున్నాయి. ఈవెనింగ్ ప్రింరోజ్ నూనె మాత్రలు ఎగ్జిమాకు పనిచేయవని 2013 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. మామూలు టీకాలను ఎగ్జిమా కారణంగా ఆపనవసరం లేదు.

వైద్యుని ఎప్పుడు చూడాలి

నిత్య సంరక్షణ సరిగ్గా చేస్తున్నా రెండు వారాలలో మార్పు లేకపోయినా, నిద్ర చెడిపోతున్నా చర్మవ్యాధి నిపుణుని సంప్రదించాలి. గడిచిన వారంలో దురద, నిద్రాభంగం, రక్తం కారడం, రసి, పగుళ్ళు, పొట్టు రాలడం, పొడిదనం ఎన్ని రోజులు ఉన్నాయో గుర్తుంచుకొని చెబితే వైద్యునికి మేలు. బ్రిటన్‌లోని నాటింగ్‌హాం విశ్వవిద్యాలయం 2004లో ప్రకటించిన 'పోయెం' కొలమానంలోని ఏడు ప్రశ్నలు ఇవే.

పసుపుపచ్చని పెచ్చులు కట్టడం, చీము, జ్వరం సూక్ష్మజీవుల సోకుడుకు గుర్తులు. ఒళ్ళంతా ఎర్రబారి పొట్టు రాలుతూ వణుకు పుడితే ఆసుపత్రిలో చేర్చాలి. అన్నిటికంటే అత్యవసరమైనది హెర్పిస్ వైరస్ ఎగ్జిమాపై వ్యాపించడం. అప్పటివరకు దురద పెట్టిన చోట ఒక్కసారిగా నొప్పి, జ్వరం, ఒకే పరిమాణంలో గుంపులుగా నీటిపొక్కులు, అవి చిట్లి గుండ్రంగా తొలిచినట్లు పుండ్లు వస్తాయి. దీనిని ఆటలమ్మగా భావించి, మందు ఇప్పించకుండా వేపాకులు పరచి ఇంట్లో ఉంచితే కంటిచూపుకు, పసిపిల్లలలో ప్రాణానికి కూడా ముప్పు. అసైక్లోవిర్ అనే మందు అదే రోజు మొదలుపెట్టాలి. కంటి చుట్టూ పొక్కులు ఉంటే నేత్రవైద్యుని కూడా వెంటనే చూడాలి. ఇంట్లో ఎవరికైనా పెదవిపై జ్వరపు పొక్కు ఉంటే, అది మానేవరకు వారు ఎగ్జిమా ఉన్న పసిబిడ్డను ముద్దాడరాదు.